తినకముందా, తిన్నాకా? కాల్ రికార్డింగ్‌లో అవతలి గొంతు ఎక్కడ పోతుంది

"సకాళే గోటే, రాతిరే అధా, ఖాయిబా ఆగరు."

బరంపురంలోని ఒక ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. పొద్దున ఒకటి, రాత్రి సగం, తినకముందు. నాన్నకి షుగరు మాత్ర మార్చారు, అది ఎలా వేసుకోవాలో చెప్పడానికి చేసిన ఫోన్. ఎత్తింది అమ్మ. అమ్మ పుట్టిల్లు ఆంధ్ర వైపు పాతపట్నం, కాపురం సరిహద్దుకి అవతల ఒడిశాలోని పర్లాకిమిడి. నలభై ఏళ్లుగా ఒడియా చెవిన పడుతూనే ఉంది, బజారులో బేరమాడేంత వచ్చు. కానీ మనిషి ముఖం కనబడకుండా ఫోన్‌లో గబగబా చెప్తే సగం జారిపోతుంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి అడిగింది: "ఏటన్నాదిరా ఆ పిల్ల? తినకముందా, తిన్నాకా?"

'ఆగరు' అంటే ముందు, 'పరే' అంటే తర్వాత. తేడా ఆ ఒక్క మాటలోనే ఉంది. తిరిగి చేస్తే ఆ నంబరు ఎవరూ ఎత్తలేదు. రెండు రోజులు తిన్నాకే వేశాం. మూడో రోజు నేను బస్సెక్కి వెళ్లి అడిగితే గానీ అసలు సంగతి తెలియలేదు.

కాల్ రికార్డింగ్ అనగానే ఎవరినో ఇరికించడానికి చేసే పని అనుకుంటారు. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో దాని అవసరం వేరు. ఆఫీసు నుంచి, బ్యాంకు నుంచి, ఆసుపత్రి నుంచి వచ్చే ఫోన్ ఒడియాలోనో హిందీలోనో ఉంటుంది. దాన్ని నిదానంగా ఇంకోసారి వినాలి, అర్థం కాని ముక్కని పక్కింటివాళ్లకి వినిపించాలి. మాకు కావలసింది అంతే. ఇంత చిన్న పనికి ఫోన్ ఎందుకంత మొండికేస్తుందో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

అమ్మ ఫోన్‌లో గూగుల్ డయలర్, అంటే కాల్స్ చేసే యాప్, ఉంది. రికార్డు బొత్తం కూడా ఉంది. నొక్కితే ఈ కాల్ రికార్డు అవుతోందని ఒక ఇంగ్లీషు గొంతు ఇద్దరికీ వినిపించేలా చెప్తుంది. తర్వాతి వారం నర్సమ్మ మళ్లీ చేసినప్పుడు అమ్మ ఆ బొత్తం నొక్కింది. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆమెని తప్పు పట్టలేను. తెలియని మరగొంతు ఉన్నట్టుండి మీ మాటలు రికార్డు అవుతున్నాయంటే ఉద్యోగంలో ఉన్న ఎవరికైనా టెన్షనే.

ప్లే స్టోర్‌లో యాప్‌లు వెతికాను. కొన్ని అసలు పనిచేయలేదు, కొన్ని అమ్మ గొంతు మాత్రం పట్టాయి. అప్పుడు బీరువాలో పడి ఉన్న పాత ఫోన్ తీసి, కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి లీనేజ్ ఓఎస్ ఎక్కించాను. ఇలా కంపెనీది కాని ఆండ్రాయిడ్‌ని కస్టమ్ రామ్ (ROM) అంటారు. అది వేస్తే అన్నీ మన చేతిలోకి వస్తాయని అందరూ అంటారు, నేనూ అలాగే నమ్మాను. మొదటి రికార్డింగ్ వింటే ఇలా ఉంది: "ఆఁ... ఆఁ... సరేనమ్మా... ఏటీ?... ఆఁ." మధ్యలో ఖాళీ. నర్సమ్మ మాట్లాడిన చోటల్లా నూతిలోకి చెవిపెట్టి విన్నట్టు సన్నని హోరు.

గొంతు ఆండ్రాయిడ్ గుండా పోదు

ఇక్కడే అసలు ముడి ఉంది. ఫోన్‌లో పాట వింటున్నప్పుడు ఆ శబ్దాన్ని ఆండ్రాయిడ్ తన చేతులతో మోసుకెళ్లి స్పీకరుకి ఇస్తుంది. ఫోన్ కాల్ అలా కాదు. స్మార్ట్‌ఫోన్ లోపల మోడెమ్ అని ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. టవర్‌తో మాట్లాడేది అదే. మామూలు సిమ్ కాల్‌లో మన గొంతు మైకు నుంచి శబ్దం కోసం పెట్టిన ప్రత్యేక చిప్ భాగంలోకి, అక్కడి నుంచి మోడెమ్‌కి వెళ్తుంది. అవతలివాళ్ల గొంతు అదే దారిలో వెనక్కి వచ్చి చెవి దగ్గరి స్పీకరుకి చేరుతుంది. మాట ఆలస్యం కాకుండా, బ్యాటరీ ఖర్చు కాకుండా ఇలా చేశారు. ఆండ్రాయిడ్ చేసేదల్లా ఈ మైకు వాడు, ఆ స్పీకరు వాడు అని దారి చూపించి పక్కకి తప్పుకోవడమే.

మా వైపు కాలువ కింద పొలం ఉన్న ఏ రైతుకైనా ఇది వెంటనే అర్థమవుతుంది. నీళ్లు గట్టు పక్కనుంచే పోతుంటాయి. కాలువ తవ్వినప్పుడు మన పొలానికి మదుము, అంటే తూము, పెట్టి ఉంటేనే చేలోకి నీరొస్తుంది. మదుము లేకపోతే కాలువలో ఎన్ని నీళ్లున్నా మన మడి తడవదు.

ఫోన్‌లో ఆ మదుము పెట్టేది ఫోన్ తయారు చేసిన కంపెనీ. ఆండ్రాయిడ్‌కీ, శబ్దం చిప్‌కీ మధ్య ఆడియో హాల్ అని ఒక సాఫ్ట్‌వేర్ పొర ఉంటుంది. ఏ శబ్దం ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో దానికి తెలుసు. క్వాల్‌కామ్ చిప్ ఫోన్లలో 'మిక్సర్ పాత్స్' అనే ఒక ఫైలు ఉంటుంది. అందులో 'ఇన్‌కాల్ రెక్' పేరుతో వరుసలు కనబడతాయి: మన గొంతుకి అప్‌లింక్, అవతలి గొంతుకి డౌన్‌లింక్, రెండూ కలిపి మూడోది. ఆ వరుసలు ఉండి, సరైన చోటికి కలిపి ఉంటే కాల్ శబ్దం ఆండ్రాయిడ్‌కి అందుతుంది. కంపెనీ దాన్ని కలపకుండా వదిలేస్తే రికార్డర్ అడిగినప్పుడు ఉత్త నిశ్శబ్దం రావచ్చు, లేదా హాల్ మైకు శబ్దాన్నే ఇచ్చి ఊరుకోవచ్చు. నా పాత ఫోన్‌లో జరిగింది రెండోది.

మరి రామ్ మార్చాక కూడా కంపెనీ పొర ఎందుకు మిగిలింది? కస్టమ్ రామ్ అంటే ఫోన్ మొత్తం కొత్తది కావడం కాదు. 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ అనే ఏర్పాటు వచ్చింది. ఆండ్రాయిడ్‌ని ఒక గదిలో, చిప్‌ని నడిపే కంపెనీ ఫైళ్లని 'వెండర్' అనే ఇంకో గదిలో వేరు చేశారు. రామ్ మార్చినప్పుడు మొదటి గది పూర్తిగా మారుతుంది. రెండో గదిలో చాలామటుకు కంపెనీ ఫైళ్లే ఉంటాయి, ఎందుకంటే వాటిలో చాలావాటికి మూలకోడ్ బయటికి రాదు. మోడెమ్ ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఎప్పటికీ కంపెనీదే. ఆ ఫోన్‌కి రామ్ తయారు చేసే మనిషి ఓపికగా మిక్సర్ ఫైలు సరిచేస్తే కొన్నిసార్లు దారి తెరుచుకుంటుంది. ఆ ఓపిక పెట్టేది జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చునే మనుషులు. వాళ్లని నిలదీయడం న్యాయం కాదు.

అనుమతి కథ

మదుము ఉన్నా తలుపు తీయడానికి అనుమతి కావాలి. రామ్ మార్చడం వల్ల ఉపయోగం ఉన్నది ఇక్కడ. ఆండ్రాయిడ్‌లో కాల్ రెండు వైపుల శబ్దాన్ని 'వాయిస్ కాల్' అనే పేరుతో అడగాలి. అలా అడిగే హక్కు ఫోన్‌తో పాటు వచ్చిన సిస్టమ్ యాప్‌లకే ఉంది. మనం ప్లే స్టోర్ నుంచి దించుకున్న యాప్‌కి ఆ హక్కు రాదు. మనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇద్దామన్నా అక్కడ ఆ బొత్తం ఉండదు.

ఒకప్పుడు యాప్‌లు అడ్డదారులు పట్టేవి. 2018లో ఆండ్రాయిడ్ 9తో వాటిలో చాలావాటిని మూసేశారు. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక, కాల్ నడుస్తుండగా మామూలు యాప్ మైకు వినబోతే దానికి నిశ్శబ్దమే అందుతుంది. మిగిలిన ఒకే సందు యాక్సెసిబిలిటీ సర్వీసు. చూపు లేనివాళ్లకి తెర మీది అక్షరాలు చదివి వినిపించడం వంటి పనుల కోసం పెట్టిన సదుపాయం అది. రికార్డింగ్ యాప్‌లన్నీ అందులో దూరాయి. 2022 మే 11 నుంచి ఆ పనికి దాన్ని వాడకూడదని గూగుల్ ప్లే నిబంధన పెట్టింది. ట్రూకాలర్ కూడా అప్పుడే తన రికార్డింగ్ తీసేసింది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇప్పటికీ ఎక్కడి నుంచో ఏపీకే ఫైలు (యాప్ ఫైలు) దించుకోమని, యాక్సెసిబిలిటీ ఆన్ చేయమని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ అనుమతి ఇచ్చారంటే ఆ యాప్ మీ తెర మీద ఉన్నదంతా చదవగలదు. మీ బదులు బొత్తాలు నొక్కగలదు. ఓటీపీ వచ్చినా, బ్యాంకు బ్యాలెన్స్ చూసినా దాని కళ్లెదుటే. ఒక్క ఫోన్ మాట దాచుకోవడానికి ఇంటి తాళాలు ఊరూ పేరూ తెలియని మనిషి చేతిలో పెట్టొద్దు.

లీనేజ్ ఓఎస్‌లో డయలర్ సిస్టమ్‌లో భాగం కాబట్టి దానికి హక్కు ఉంటుంది. అయితే మనం ఏ దేశంలో ఉన్నామో చూసి, తన దగ్గరున్న దేశాల జాబితాని బట్టి రికార్డు బొత్తం చూపించాలా వద్దా అని అది నిర్ణయించుకుంటుంది. అంతకంటే నాకు నచ్చింది బేసిక్ కాల్ రికార్డర్, పొట్టిగా బీసీఆర్. దాని మూలకోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. ఇంటర్నెట్ అనుమతే అడగదు కాబట్టి మన మాటల్ని ఎక్కడికీ పంపలేదు. రూట్ చేసిన, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్న ఫోన్‌లో మాజిస్క్ అనే సాధనం ద్వారా గానీ, కస్టమ్ రామ్ ఉన్న ఫోన్‌లో రికవరీ అనే మరమ్మతు తెర నుంచి గానీ ఎక్కిస్తే సిస్టమ్ యాప్‌ల వరుసలో కూర్చుంటుంది. ఆండ్రాయిడ్ 9, ఆపై వెర్షన్లు కావాలి. దొంగదారి ఏమీ లేదు, వాయిస్ కాల్ శబ్దాన్ని నేరుగా అడుగుతుంది. అందుకే మదుము లేని ఫోన్‌లో అదీ ఏమీ చేయలేదు.

వాట్సాప్ కాల్స్ ఈ లెక్కలోకే రావు. అవి మోడెమ్ వాయిస్ దారిలో కాకుండా ఇంటర్నెట్ డేటాగా పోతాయి, వాయిస్ కాల్ అని అడిగితే వాటి శబ్దం దొరకదు.

నర్సమ్మ గొంతు దొరికింది

మా మేనమామ వాడి పక్కన పెట్టిన ఇంకో ఫోన్ తెచ్చాను. దానికీ అదే లీనేజ్, అదే బీసీఆర్. ఈసారి ఆసుపత్రి ఫోన్ కోసం ఎదురుచూడకుండా ఇంట్లోనే పరీక్షించాను. అమ్మ వంటింట్లోంచి నాకు ఫోన్ చేసి ఒకటి నుంచి పది దాకా తెలుగులో లెక్కపెట్టింది, నేను వీధిలో నిలబడి ఒడియాలో లెక్కపెట్టాను. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఏక, దుయి, తీని... నా గొంతూ ఉంది, అమ్మ గొంతూ ఉంది, వెనకాల తిరగమోత చిటపట కూడా ఉంది.

ఒక్కసారి పరీక్షించి సంబరపడకండి. చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడినప్పుడు ఒకలా, స్పీకర్ ఆన్ చేస్తే ఒకలా, బ్లూటూత్‌లో ఇంకోలా రికార్డు కావచ్చు. వోల్టీ (4జీ మీద పోయే) కాల్, 2జీ కాల్, వైఫై కాల్ విడివిడిగా చూడాలి. కొన్ని ఫోన్లలో ఒకదానికి దారి ఉండి ఇంకోదానికి ఉండదు.

మా సరిహద్దులో ఇది నిజంగా పట్టించుకోవలసిన విషయం. పర్లాకిమిడి దాటి కొండల వైపు వెళ్తే కొన్ని సిమ్‌లు 4జీ వదిలి 2జీకి పడిపోతాయి. పాత పద్ధతి కాల్‌లో గొంతులోని 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పోతుంది. వోల్టీలో మామూలుగా వాడే వైడ్‌బ్యాండ్ పద్ధతిలో అది 50 నుంచి 7,000 దాకా ఉంటుంది. స, ఫ లాంటి ఊదే శబ్దాల బలం చాలావరకు 3,400 పైనే. తెలిసిన భాషలో అయితే పోయిన ముక్కని మన బుర్రే పూరించుకుంటుంది. సగం తెలిసిన భాషలో ఆ సాయం అందదు. కాబట్టి ముఖ్యమైన ఫోన్ వస్తే 4జీ బాగా అందే చోట నిలబడి మాట్లాడమని అమ్మకి చెప్పాను. మా ఇంట్లో అది పెరటి వైపు, కరివేపాకు చెట్టు దగ్గర.

జియో సిమ్ వాడేవాళ్లు రామ్ మార్చే ముందే ఇంకో సంగతి చూసుకోవాలి. జియోకి 2జీ, 3జీ లేవు. కొత్త రామ్‌లో వోల్టీ పనిచేయకపోతే రికార్డింగ్ మాట అటుంచి, మామూలు కాల్ కూడా పోదు.

ఫైలు సైజు గురించి బెంగ అక్కర్లేదు. శబ్దాన్ని కుదించే ఓపస్ పద్ధతిలో సెకనుకి 48 కిలోబిట్ల దగ్గర పది నిమిషాల మాట సుమారు 3.6 ఎంబీ. ఏమీ నొక్కి కుదించకుండా వేవ్ ఫైలుగా, 16 కిలోహెర్ట్జ్‌లో దాచినా 19 ఎంబీ.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది డబ్బుల యాప్‌లు. రామ్ మార్చాలంటే ముందు బూట్‌లోడర్ అనే తాళం తెరవాలి. అలా తెరిచిన ఫోన్‌ని చాలా బ్యాంకు యాప్‌లు నమ్మవు, యూపీఐ యాప్‌లు కూడా మొరాయించవచ్చు. యూపీఐకి బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. అంటే అమ్మ సిమ్ తీసి రికార్డింగ్ ఫోన్‌లో వేస్తే, ఆమె కూరగాయల బండి దగ్గర డబ్బులు కట్టలేదు. అందుకే ఆసుపత్రికి వేరే నంబరు ఇచ్చాం, ఆ సిమ్ ఒక్కటే ఈ ఫోన్‌లో ఉంటుంది. బూట్‌లోడర్ తెరిచేటప్పుడు ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందనీ మర్చిపోకండి. ఫొటోలు ముందే తీసి దాచుకోవాలి. షావోమీ ఫోన్లలో తెరవడానికి అర్జీ పెట్టాక కొన్ని రోజులు ఆగమనడం మామూలు. రోజూ వాడే ఫోన్ మీద ఈ ప్రయోగం చేయమని నేను ఎవరికీ చెప్పను. శాంసంగ్ లాంటి కంపెనీల సొంత డయలర్‌లో మన దేశంలో రికార్డింగ్ ఫోన్‌తోనే వస్తుంది. అలాంటిది ఇంట్లో ఉంటే రామ్ జోలికే పోనక్కర్లేదు.

సిమ్ ఆంధ్రాది, టవర్ ఒడిశాది, మరి చట్టం ఎవరిది?

ఇది నన్ను చాలామంది అడిగారు. పాతపట్నంలో కొన్న సిమ్, పర్లాకిమిడిలో మాట్లాడుతున్నాం, ఏ రాష్ట్రం చట్టం వర్తిస్తుంది అని. టెలిఫోన్లు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో, 31వ అంశంలో ఉన్నాయి. రికార్డింగ్‌కి ఒడిశాకో చట్టం, ఆంధ్రకో చట్టం లేవు.

ఇద్దరు మాట్లాడుకునే ఫోన్‌ని మూడో మనిషి చాటుగా వినడం వేరు, మాట్లాడే ఇద్దరిలో ఒకరు దాచుకోవడం వేరు. మొదటిది నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. తన కాల్‌ని తాను రికార్డు చేసుకోవడం నేరమని నేరుగా చెప్పే చట్టం మన దగ్గర లేదు. 1972లో ఆర్.ఎం. మల్కానీ కేసులో, ఫోన్ మాట్లాడిన ఇద్దరిలో ఒకరి సమ్మతితో చేసిన రికార్డింగ్‌ని సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని పట్టపగ్గాలు లేవనుకోకూడదు. 2017లో పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కు అయింది. భార్యకి తెలియకుండా ఆమె ఫోన్ మాటలు రికార్డు చేయడం గోప్యతకి భంగమని 2023లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు అంది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, భార్యాభర్తల వివాదంలో అలాంటి రికార్డింగ్‌ని సాక్ష్యంగా చూడవచ్చని తీర్పు చెప్పింది. కోర్టు సాక్ష్యంగా తీసుకోవడం ఒకటి, ఆ పని మనిషికి చేయదగినదా అన్నది ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపేసి ఒకే ప్రశ్నగా అడగడం వల్లే ఇంత గందరగోళం.

ఎప్పటికైనా కోర్టుకి వెళ్లవలసిన రికార్డింగ్ అయితే అసలు ఫైలుని కదపకండి. వాట్సాప్‌లో పంపిన కాపీకి పేరు, తేదీ మారిపోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె. ఫైలులో ఒక్క బిట్ మారినా అదీ మారిపోతుంది. రికార్డు చేసిన ఫోన్ కూడా దాచి ఉంచాలి.

మా ఇంటి సంగతి కోర్టు దాకా పోయేది కాదు. అయినా ఫోన్ సిద్ధమయ్యాక అమ్మే ఒక మాట పట్టుకుంది: "ఆ పిల్లకి సెప్పకుండా ఎలారా? సెప్పే సేద్దాం." ఇంగ్లీషు గొంతుకి భయపడి ఫోన్ పెట్టేసిన మనిషికి అమ్మ గొంతు వినిపించాలి అన్నమాట. ఒడియాలో ఎలా అనాలో పక్కింటి అమ్మాయి నేర్పింది. అమ్మ దాన్ని క్యాలెండర్ వెనక తెలుగు అక్షరాల్లో రాసుకుంది: "ముఁ రెకర్డ్ కరుఛి మా, టికే ధీరే కుహంతు." నేను రికార్డు చేసుకుంటున్నానమ్మా, కొంచెం నిదానంగా చెప్పండి.

పోయిన బుధవారం ఫోన్ వచ్చింది. అమ్మ పెరట్లోకి నడిచి, కరివేపాకు చెట్టు దగ్గర నిలబడి, రాసుకున్నది చదివింది. రికార్డింగ్‌లో ఆ తర్వాత ఒక చిన్న నవ్వు, "హఁ మావుసీ" అన్న మాట ఉన్నాయి. ఇక నర్సమ్మ ప్రతి మాత్ర పేరూ రెండేసిసార్లు చెప్పింది. మొత్తం ఒక నిమిషం నలభై సెకన్లు. సాయంత్రం పక్కింటి అమ్మాయి మా అరుగు మీద కూర్చుని దాన్ని ఆపి ఆపి వింది. ఆమె చెప్తుంటే నేను మాత్రల డబ్బాల మీద అతికించే చీటీలు రాశాను. మూడింటి మీద 'తిన్నాక', ఒకదాని మీద 'తినకముందు'.